కంప్లైంటేం లేదు సార్

కారు చప్పుడు వినగానే కుక్కలు లేచాయి.

గౌరయ్య తల ఎత్తలేదు. టమాట మొక్క పక్కన కర్ర పాతి, సుతిలి చుట్టి, ముడి వేసి, పక్క మొక్క దగ్గరికి జరిగాడు. అలియాబాద్ ఊరి బయట, కరీంనగర్ రోడ్డు దిగి మట్టిబాట పట్టి వస్తే అతని బావి. బావి పక్కన రెండు గదుల రేకుల ఇల్లు. చుట్టూ మూడు వైపులా తెల్ల సున్నం పూసిన ప్లాటు రాళ్లు. ఆ రాళ్లు పాతించినవాడు అతని బావమరిది నరసింహ. వాటి నడుమ గౌరయ్య భూమి ఒక్కటే అమ్ముడుపోకుండా మిగిలింది, పంటి కింద రాయిలా. అలా మిగలడమే గౌరయ్యకు తృప్తి.

నల్లకుక్క, ఎర్రకుక్క తడక దాటి ఉరికి కారు తలుపు మీదికి ఎగబడ్డాయి. ఆ రెంటికీ గౌరయ్య భార్య దుర్గాబాయి ఒక మాట నేర్పింది. ఎవరొచ్చినా అవి పిక్కలు పట్టడానికి సిద్ధమే. ఇంట్లోంచి "మనోళ్లే" అన్న మాట వినిపిస్తే మాత్రం తోకలు దించి పక్కకు జరుగుతాయి. దుర్గాబాయి పోయాక ఆ మాట గౌరయ్య నోట అరుదుగా వచ్చింది. నరసింహ కోసమైతే ఒక్కసారి కూడా రాలేదు.

"బావా! కుక్కల నాపు జర!" నరసింహ కారులోంచే అరిచాడు.

"కట్టెయ్యలే. సూస్కొని దిగు."

గౌరయ్య కూతురు స్రవంతి ఇంట్లోంచి ఉరికొచ్చింది. "ఏయ్, మనోళ్లే! మనోళ్లే! ఇటు రాండ్రి!"

కుక్కలు జరిగాయి. నరసింహ దిగాడు. వెనకాల అతని భార్య సుశీల. నరసింహ ఒకప్పుడు ఊరికి సర్పంచ్. తెల్లబట్టలు వేసుకుని ఆంబోతులా తిరిగిన మనిషి. ఇప్పుడు మొహం బూడిద రంగు. డయాలిసిస్ సూదులు గుచ్చే నరం ఎడమచేతి మీద తాడులా ఉబ్బి ఉంది. మనిషిని చూడాలంటే మెడ పక్కకు తిప్పి చూస్తున్నాడు, కోడి గింజను చూసినట్టు.

స్రవంతి చాయ్ తెచ్చింది. తండ్రికి, అత్తకు నిండు గ్లాసులు. మామకు మాత్రం అడుగున ఇన్ని చుక్కలు. గౌరయ్య ఆ గ్లాసు వైపు చూశాడు. డయాలిసిస్ మనిషి గుక్కెడు కూడా చూసుకుని తాగాలని అతనికి తెలుసు. స్రవంతికి ఎలా తెలిసింది? మామ డయాలిసిస్ చేయించుకునే మేడ్చల్‌లోనే ఆమె టీచరు. బడి అయిపోయాక ఆలస్యంగా వస్తున్న సాయంత్రాలన్నీ ఒక్కసారిగా అతనికి అర్థమయ్యాయి.

"ఏందిది?" అన్నాడు.

 సుశీల చాయ్ గ్లాసు పక్కన పెట్టింది. "అన్నా, కోపం జెయ్యకు. సోమవారం దవఖానకు పోవాలె. స్రవంతిని గూడ రమ్మన్నరు. పరీక్షలు జేస్తరట."

"నా బిడ్డకు ఏం రోగమని?"

"రోగం గాదు నాయినా," స్రవంతి తండ్రి మొహంలోకి సూటిగా చూసింది. "మామకు కిడ్నీ నేనిస్తనన్న. మామ అడగలే. నేనే అన్న."

గౌరయ్య చేతిలోని చాయ్ గ్లాసును గట్టు మీద పెట్టాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా గొంతు పెంచలేదు. అతని కోపం కొలిమిలో ఇనుములాంటిది. బాగా కాలినప్పుడు చప్పుడు చేయదు.

"అడగలే," అన్నాడు. "మీ అమ్మను గూడ అడగలే. ఒడిబియ్యం వోసిండు."

నరసింహ తల దించుకున్నాడు.

అది నిజం. నరసింహ కిడ్నీలు పాడై, డాక్టర్లు మార్చాలన్నప్పుడు, అతను అక్కను నోరు తెరిచి ఏమీ అడగలేదు. ఇంటికి పిలిపించాడు. పట్టుచీర పెట్టాడు. పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో ఆమె ఒడిలో పోశాడు. పుట్టింటివాళ్లు ఆడబిడ్డను చల్లగా ఉండమని పోసే బియ్యం అవి. దుర్గాబాయి కళ్లనీళ్లు పెట్టుకుని, అక్కడే, ఆ పీట మీదే, "నాది దీస్కో తమ్మీ" అంది. ఆ బియ్యం వండుకుని తిన్నారు. తిన్నది అరగకముందే ఆ ఒడి పక్కనే కోసి కిడ్నీ తీశారు.

అంత చేసినా ఆ కిడ్నీ నరసింహ కడుపులో నిలవలేదు. రెండేళ్లకే అదీ పోయింది. పోతే పోయింది, దుర్గాబాయైనా మిగలాల్సింది. ఓ వానాకాలం జ్వరం, విరేచనాలు పట్టుకున్నాయి. అందరికీ వచ్చేవే. కానీ ఆమెకు మొహం ఉబ్బింది, మూత్రం చాయ్ డికాషన్ రంగుకు తిరిగింది, ఒళ్లంతా సూది మొనల్లా ఎర్ర మచ్చలు లేచాయి. పట్నంలో పెద్ద దవఖానకు తీసుకుపోతే, మిగిలిన ఒక్క కిడ్నీ కూడా ఆగిపోయిందన్నారు. నాలుగేళ్లయింది ఆమె పోయి. ఎందుకు పోయిందని గౌరయ్య అడగని మనిషి లేడు. వేడి చేసిందన్నారు, నీళ్లు పడలేదన్నారు, రాత అన్నారు.

"నీకు కొడుకున్నడు గద," గౌరయ్య సుశీల వైపు తిరిగాడు. "నిఖిల్. గున్న ఏనుగు లెక్క ఉన్నడు. వాని కిడ్నీకి ఏమైంది?"

"వానికింకా లగ్గం గాలేదన్నా. కిడ్నీ ఇచ్చిండని తెలిస్తే పిల్లనెవలిస్తరు? శామీర్‌పేటోళ్ల సంబంధం మాట్లాడ్తున్నం..."

"మరి నా బిడ్డకు? దీనికి నాలుగు లగ్గాలైనయా?"

"బావా, మనోళ్లే గద. మనలో మనకు..." నరసింహ మొదలుపెట్టాడు.

"ఆ మాట అనకు. గా మాటతోనే నా ఇల్లు ఆగం జేసినవ్."

స్రవంతి లేచింది. "అమ్మ ఉంటే ఇయ్యమనేది, నాయినా. అమ్మ ఇచ్చిందంతా వట్టిగనే పోయింది. నేనన్న ఇస్తే నిలువదా?"

"మీ అమ్మ ఉంటే గద."

 కానీ స్రవంతి తల్లి కూతురు. మొండితనంలో కూడా. సోమవారం పోతానంది. గౌరయ్య కూడా పోవాలనుకున్నాడు. ఒప్పుకోవడానికి కాదు. డాక్టర్ ముందే చెడగొట్టడానికి.

*

దవఖాన మేడ్చల్‌లో, నిజామాబాద్ హైవే మీద. కిడ్నీ డాక్టర్ కొత్తగా వచ్చిందట. పేరు తేజస్వి. చిన్న వయసు, మాటలో సిద్దిపేట యాస. గౌరయ్య కుర్చీలో కూర్చోలేదు. తలుపుకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆమె కిడ్నీ సంగతి అడుగుతుందనుకుంటే కన్ను సంగతి అడిగింది.

"అంకుల్, మెడ అట్ల తిప్పి చూస్తున్నరెందుకు?"

"నడిమిట్ల మసక మేడమ్," అన్నాడు నరసింహ. "మనిషి చెవులు గనవడ్తయ్, మొకం గనవడది. కండ్ల డాక్టర్ వయసు మీద వడ్డదన్నడు."

"యాభై రెండుకేం వయసు? మీ ఇంట్ల ఇంకెవరికన్న ఇట్ల ఉండెనా?"

నరసింహ ఆలోచిస్తున్నాడు. మాట్లాడకూడదనుకున్న గౌరయ్యే నోరు విప్పాడు. "వీళ్ల అమ్మకుండె. జంగమ్మకు. బియ్యంల రాయి ఏరబోతే, రాయి మీద సూపు పెట్టంగనే రాయి మాయమైతదనేది. సచ్చేనాటికి ఎవల మొకం సక్కగ సూడలే."

డాక్టర్ రాస్తున్న చెయ్యి ఆగింది. "కిడ్నీ ఇచ్చిన అక్క ఎట్ల చనిపోయింది?"

గౌరయ్య చెప్పాడు. జ్వరం, విరేచనాలు, డికాషన్ రంగు, ఎర్ర మచ్చలు.  ఆమె మధ్యలో ఆపలేదు. అంతా విని స్రవంతిని పైఅంతస్తులో కళ్ల డాక్టర్ దగ్గరికి పంపింది.

"కిడ్నీ ఇచ్చేటందుకు కండ్లెందుకు సూస్తరు?" అన్నాడు నరసింహ.

"చూడనియ్యండి."

కంట్లో చుక్కలు వేసి, వెలుగు పెట్టి చూసి, చాలాసేపటికి పంపించారు. స్రవంతి గోడ పట్టుకుని నడుస్తూ వచ్చింది. చుక్కలకు కంటిపాపలు విచ్చుకుని అంతా తెల్లగా కనిపిస్తోందట. ఆమెతో వచ్చిన కళ్ల డాక్టర్ తేజస్వితో ఏదో మాట్లాడి వెళ్లిపోయాడు. తేజస్వి తను రాసుకున్న కాగితం మళ్లీ ఒకసారి చూసుకుంది.

"అమ్మాయి కంటి వెనకాల పొర మీద పచ్చటి పలుకులున్నయట, చిన్న చిన్నవి. ఈ వయసుకు ఉండొద్దు. అంకుల్ కంట్ల ఉన్నవీ అవే, కాకపోతే ముదిరినయ్. నాకు అనుమానం ఏందంటే, మీ ఇంట్ల ఉన్నది కాంప్లిమెంట్..."

నరసింహ కుర్చీలోంచి లేచాడు. అంత నీరసంలోనూ సర్పంచ్ గొంతు వచ్చింది.

"కంప్లైంటా? ఎవలిచ్చిన్రు?" మెడ తిప్పి గౌరయ్యను వెతికాడు. "బావా, నువ్వేనా?" మళ్లీ డాక్టర్ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "మేడమ్, మాకేం కంప్లైంట్ లేదు. మేం గసొంటోళ్లం గాదు. దవఖాన మీద కేసులు వెట్టే ఖాన్‌దాన్ గాదు మాది."

తేజస్వికి నవ్వు ఆగలేదు. "కంప్లైంట్ కాదు అంకుల్. కాంప్లిమెంట్. పోలీసుస్టేషన్ది కాదు, రక్తంల ఉండేది. కూసోండి." తలుపు దగ్గరున్న గౌరయ్యను అడిగింది. "మీ ఇంటికాడ కుక్కలున్నయా?"

"ఉన్నయ్."

"కొత్తోళ్లు వస్తే?"

"మీద వడ్తయ్."

"ఇంటోళ్లు వస్తే?"

గౌరయ్య మాట్లాడలేదు. స్రవంతి చెప్పింది. "మనోళ్లే అంటే ఊకుంటయ్."

"గదే. రక్తంల గూడ అట్లాంటి కుక్కల మంద ఉంటది. కాంప్లిమెంట్ అంటం. క్రిములొస్తే మీదవడి చీలుస్తది. మంచిదే. కానీ దానికి 'ఇది మనదే, కరవకు' అని చెప్పెటోడొకడు ఎప్పుడూ పక్కన ఉండాలె. అది గూడ రక్తంలనే ఉంటది. మీ అత్తమ్మ వైపు ఆ చెప్పెటోడు పుట్టుకతోనే సరిగ్గ లేడని నా అనుమానం. చెప్పెటోడు లేకపోతే మంద ఊకుంటదా? కిడ్నీల సన్న నరాలను కరుస్తది. కంటి వెనకాల పొరను కరుస్తది. ఇంకొందరికి చెప్పెటోడుంటడు గానీ ఒళ్లే వాని నోరు నొక్కుతది. కీళ్లు, చర్మం, కిడ్నీలు... ఒళ్లు ఒంటినే తినే రోగాలు చాలావాటిల్ల ఈ పండ్ల గాట్లుంటయ్."

"కంచే చేను మేసినట్టు," అన్నాడు గౌరయ్య.

"మేసినట్టే పెద్దనాయినా. రెండు కిడ్నీలున్నన్ని రోజులు ఎట్లనో ఓర్చుకుంటది. ఒకటి తీసేస్తే ఉన్నదాని మీద బరువు. అప్పుడు జ్వరమో విరేచనాలో వచ్చినయనుకోండి, మంద లేస్తది. ఆమెకు జరిగింది అదే కావచ్చు. ఇచ్చిన కిడ్నీకి గూడ దిక్కులేదు. అది పోయింది గూడ కుక్కలున్న ఇంటికే గద." స్రవంతి వైపు చూసింది. "నీ కిడ్నీ నేను తియ్య. రక్తపరీక్షల ఆ లోపం తేలితే ఎవ్వరూ తియ్యొద్దు, ఎన్నటికీ. ఇంటోళ్లందరికి ఈ పరీక్ష ఎన్నడో కావాల్సింది. ఇన్నేండ్లల్ల ఎవ్వరూ చెప్పలేదా?"

అప్పుడు సుశీల నోరు జారింది. తప్పు చెబుతున్నానని ఆమెకు తెలియదు. జ్ఞాపకం వచ్చింది, చెప్పేసింది.

"చెప్పకేం మేడమ్? దుర్గ వదినె పోయిన్నాడు పట్నం దవఖానల పెద్దసారు గూడ గీ మాటే అన్నడు. కంప్లిమెంటో కంప్లైంటో, ఇంటోళ్లందరికి పరీక్ష జెయ్యాలె అన్నడు. ఈయన గప్పుడు గూడ గిట్లనే చేతులు జోడిచ్చి, 'మాకు కంప్లైంటేం లేదు సార్, పీనుగునియ్యుండ్రి' అన్నడు."



"మల్ల జెప్పు చెల్లె," అన్నాడు గౌరయ్య.

సుశీలకు అప్పుడు అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గౌరయ్య నరసింహ చొక్కా పట్టుకుని గదిలోంచి వరండాలోకి ఈడ్చాడు. బల్లల మీద వంతు కోసం కూర్చున్న డయాలిసిస్ జనం కాళ్లు దగ్గరికి తీసుకున్నారు. ఎవరూ అడ్డం రాలేదు.

"నా పెండ్లాం ఎందుకు సచ్చిందని ఊరంత తిరిగి అడిగిన్రా. గుడికాడ అడిగిన, మంత్రగానినడిగిన. నిన్నడిగిన! నా ఎదురుంగ కూసొని 'రాత బావా' అన్నవ్. రాతనా? డాక్టర్ నోట్ల వెట్టి జెప్పిండు గదరా నీకు!"

"నాకు సమజ్ గాలే బావా. సారు మొకం అట్ల వెట్టిండు. కంప్లైంటిస్తరా అంటున్నడనుకున్న. కేసంటే పోస్టుమార్టం జేస్తరు. అక్కను మల్ల కోస్తరనుకున్న. అప్పటికే నాకోసం ఒకసారి కోసిన్రు. ఇంకోసారి కొయ్యనియ్యొద్దని..."

"సమజ్ గాకపోతే అడగొద్దా? 'గదేంది సార్, తెలుగుల జెప్పుండ్రి' అంటే నీ నోరు వడిపోతుండెనా?"

నరసింహ మొహం ఎత్తాడు. కళ్లు గౌరయ్య చెవి దగ్గరెక్కడో ఆగాయి.

"ఇజ్జత్ వోతుండె," అన్నాడు. "చుట్టుపక్కల నలుగురున్నరు. సర్పంచ్‌కు ఇంగ్లీషు ముక్క తెల్వదా అంటరని."

అంతవరకు గౌరయ్యకు ఎక్కడో ఒక మూల జాలి ఉండేదేమో. ఈ మాటతో అదీ తుడిచిపెట్టుకుపోయింది. అక్కను కోయకూడదన్న మాట వరకు నిజం కావచ్చు. ఆ తర్వాతది ఇంకా నిజం. ఇజ్జత్. ఊళ్లో తగాదాలన్నీ "కంప్లైంటేం లేదు" అని రాయించుకుని మాఫీ చేసిన పెద్దరికం. కొడవలి దెబ్బలైనా, ఆడపిల్ల ఉసురైనా, పొలం గట్టైనా అన్నీ ఆ ఒక్క మాటతో స్టేషన్ గడప దాటకుండా అణిచిన మనిషి. సొంత అక్క చావును కూడా అలాగే అణిచాడు.

"నీ ఇజ్జత్‌కు నా పెండ్లాం వోయింది. ఇప్పుడు నా బిడ్డను గూడ మింగుదామని వచ్చినవ్."

చెయ్యి లేచింది. స్రవంతి వెలుతురుకు కళ్లు చికిలించుకుంటూ, తడుముకుంటూ వచ్చి ఆ చేతిని పట్టుకుంది. ఎవరిదో చూడకుండానే పట్టుకుంది.

"నాయినా, వద్దు. మామది సూది పెట్టే చెయ్యి. దెబ్బ తలుగుతది."

ఆమె ఇంకా మామ చేతి గురించే ఆలోచిస్తోంది. గౌరయ్య చెయ్యి దించాడు. దించినందుకు తనను తానే తిట్టుకున్నాడు.

*

రక్తం ఎక్కడికో దూరం పంపించారు. జవాబు రావడానికి వారాలు పడుతుందన్నారు.  ఒకరోజు బంతిపూలు కోస్తూ కోస్తూ స్రవంతి అంది:

"అమ్మ పోయిన్నాడు నువ్వెందుకు లోపలికి పోలే నాయినా? డాక్టర్ పిలిచినప్పుడు? అమ్మకు మొగనివి నువ్వు గద."

"మీ అమ్మ కాళ్లు సల్లవడుతుండె. రుద్దుకుంట కూసున్న."

ఆమె పూల బుట్ట ఎత్తుకుని పక్క సాలుకు జరిగింది.  కానీ ఆ మాట తేలు కొండిలా లోపల దిగి అక్కడే ఉండిపోయింది.

ఫోన్ వచ్చినప్పుడు స్రవంతి బడిలో ఉంది. ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండానే, తండ్రి ముందు నిలబడింది.

"నాకున్నది," అంది. "అమ్మకున్నదే. ఇచ్చి ఉంటే అమ్మలెక్కనే అయ్యేదాన్నట."

గౌరయ్య మోటారు గది మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె వినిపించీ వినిపించనట్టు మిగతాది చెప్పింది. ఇప్పటికైతే కిడ్నీలు బాగానే ఉన్నాయట. జ్వరం వచ్చినా, విరేచనాలైనా, మూత్రం రంగు మారినా ఆ పూటే దవఖానకు రావాలట. తొందరగా వస్తే రక్తంలోని నీరు మార్చి ఆ మందను అదుపు చేయొచ్చట. దానికి తాళం వేసే మందు కూడా ఉందట, దొరకడమే కష్టమట. కాన్పప్పుడు మరీ జాగ్రత్తట.

"భయపడకన్నది మేడమ్. తెలిసినోళ్లకు బతుకున్నదట. తెల్వనోళ్లకే..." స్రవంతి ఆగింది. "నాయినా, నిఖిల్‌కు జెప్పిన్రో లేదో."

"వాళ్ల కొడుకు. వాళ్ల ఖర్మ."

"వాడు మొన్న ఫోన్ జేసిండు. జిమ్ముల చేరిండట, ఏదో పొడి తాగుతున్నడట. లగ్గానికి సన్నగ గావాలట. వానికేం ఎరుక లేదు. నేను జెప్పబోతే అత్త ఫోన్ గుంజుకున్నది."

గౌరయ్య లేచాడు. మోటారు బందుపెట్టాడు. చొక్కా తొడుక్కున్నాడు.

"ఏడికి?"

"మేడ్చల్."

*

డయాలిసిస్ గదిలో వరసగా మంచాలు. నరసింహ కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. చేతిలోంచి రెండు గొట్టాలు, ఒకదాంట్లో రక్తం పోతోంది, ఒకదాంట్లో వస్తోంది. మిషన్ పూర్తయ్యేదాకా లేవడానికి వీల్లేదు. గౌరయ్య కావాలనే ఆ వేళకు వచ్చాడు.

"ఎవలు?" అన్నాడు నరసింహ మెడ తిప్పి. ముతక తువ్వాలు, మట్టి వాసన. "బావా?"

"నిఖిల్‌కు జెప్పినవా?"

నరసింహ పెదవులు తడుపుకున్నాడు. "లగ్గం గానీ బావా. శామీర్‌పేటోళ్లు ఖాయం జేసుకున్నరు. ఇప్పుడు రక్తంల దోషమున్నదంటే ఊరంత ఎక్కుతది. లగ్గమైనంక నేనే..."

"లగ్గమైనంక. అంటే గా పిల్లను గూడ ముంచి."

"అట్లంటవేంది..."

మంచం మీద, దిండు పక్కన నరసింహ ఫోన్ ఉంది. గౌరయ్య తీశాడు. నిఖిల్ పేరు వెతకడానికి కాస్త సమయం పట్టింది. నరసింహ కుడిచెయ్యి గాలిలో తడిమింది. ఫోన్ ఎక్కడుందో నడిమి చూపులేని ఆ కళ్లకు దొరకలేదు. లేవబోయాడు. మిషన్ కీచుమని కూసింది. నర్సు ఉరికొచ్చి అతన్ని వెనక్కి పడుకోబెట్టింది.

"బావా, నీ కాల్మొక్త. లగ్గం చెడ్తది."

"చెడనీ."

"నా మీది పగతోని జేస్తున్నవ్ గిది!"

"అవ్," అన్నాడు గౌరయ్య. "పగతోనే. నీ కొడుకు మీద ప్రేమతోని అనుకుంటున్నవా?"

అవతల ఫోన్ ఎత్తారు. "ఆ, నాయినా, జల్దీ చెప్పు, సైట్ మీద ఉన్న."

"నేన్రా. అలియాబాద్ మామను. మీ నాయిన పక్కనే ఉన్నడు. నీకొక మాట జెప్పాలె ఆయన. నాలుగేండ్లు దాసిండు. మీ అత్త ఎందుకు సచ్చిందో ఆ మాట." ఫోన్‌ను నరసింహ చెవికి ఆనించి పట్టుకున్నాడు. "జెప్పు."

నరసింహ కళ్లు మూసుకున్నాడు. గొట్టంలో అతని రక్తం ముదురు ఎర్రగా పారుతోంది. పక్క మంచం ముసలాయన అటు తిరిగి పడుకున్నాడు.

"నాయినా? ఏమైంది?" ఫోన్‌లో గొంతు మారింది.

"జెప్పవా? నువ్వు జెప్పకుంటే నేను జెప్త. నాకున్నది కంప్లైంట్. నీకు లేకపోతే లేకపాయె. నాకున్నది."

నరసింహ నోరు తెరిచాడు.  మాట వచ్చింది, తడబడుతూ, కుండ పగిలి నీళ్లు కారినట్టు. అక్క సంగతి, పట్నం డాక్టర్ సంగతి, అర్థం కాని మాట సంగతి. "అడగాల్నంటే ఇజ్జత్ అనిపిచ్చింది కొడుకా" అన్న దగ్గర ఏడ్చాడు. గౌరయ్య ఫోన్ పట్టుకున్న చెయ్యి కదల్చలేదు. ఏడుపు తనను తాకుతుందేమోనని చూసుకున్నాడు. తాకలేదు. నాలుగేళ్లుగా ఎదురుచూసిన ఏడుపు ఇది. వచ్చాక చూస్తే దీంతో దుర్గాబాయి చీర కొంగైనా తడవదు.

మాట అయిపోయాక ఫోన్ దిండు పక్కన పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేశాడు.

*

ఆదివారం పొద్దున కుక్కలు లేచాయి.

తడక అవతల తెల్లకారు. నడుపుతున్నవాడు దిగాడు. నిఖిల్. గడ్డం గీసుకోలేదు, కళ్లు ఉబ్బి ఉన్నాయి. నల్లకుక్క అతని మోకాళ్ల దాకా ఎగిరింది. వాడు కదలకుండా నిలబడ్డాడు.

"మామా, స్రవంతి వదినె ఉన్నదా? ఆ మేడమ్ కాడికి నన్ను గూడ తోల్కపొమ్మందామని వచ్చిన." గొంతు సవరించుకున్నాడు. "శామీర్‌పేటోళ్లకు నేనే జెప్పిన. పరీక్ష వచ్చినంక సూద్దామన్నరు. కాదంటే కాదు."

గౌరయ్య వాణ్ని తేరిపార చూశాడు. తండ్రి పోలికే. కానీ ఈ పిల్లాడు చెప్పాడు. నలుగురి ముందు తన నోటితో తానే చెప్పాడు.

"మనోళ్లే," అన్నాడు గౌరయ్య కుక్కలతో.

మాట బొంగురుగా వచ్చింది. చాలాకాలం వాడని తాళం తిరిగినట్టు. కుక్కలు తోకలు దించి నిఖిల్ దారి వదిలాయి. వాడు ఇంటివైపు నడిచాడు.

అప్పుడు కారు రెండో తలుపు తెరుచుకుంది. నరసింహ ఒక కాలు కింద పెట్టాడు. మెడ పక్కకు తిప్పి, తడక వైపు, దాని వెనకున్న మనిషి వైపు చూస్తున్నాడు. మొహం కనిపించదు అతనికి. అంచులే కనిపిస్తాయి. తువ్వాలు, చేతులు, కుక్కలు.

కుక్కలు మళ్లీ లేచాయి. ఈసారి రెండూ కలిసి ఉరికాయి.

"బావా," అన్నాడు నరసింహ. ఇంకేమీ అనలేదు. ఒక్క మాట కోసం ఎదురు చూస్తున్నాడని తెలుస్తూనే ఉంది.

గౌరయ్య రెండడుగులు వేసి రెండు కుక్కల మెడపట్టీలు దొరకబుచ్చుకున్నాడు. వెనక్కి గుంజి పట్టుకున్నాడు. అవి గొంతు చించుకుని మొరుగుతున్నాయి. పిడికిళ్లు నొప్పి పుట్టేదాకా పట్టుకున్నాడు. నరసింహ ఆ పక్క నుంచి, గోడ వెంట తడుముకుంటూ, ఇంటి దాకా నడిచిపోయాడు.

కరవనివ్వలేదు. మాట మాత్రం అనలేదు.